నలభై ఏడో నంబరు ఆవిడ కోసం

జగిత్యాలలో చూడ్డానికి ఏముందని బయల్దేరే ముందు మా ఆడపడుచు అడిగింది. ఏమీ లేదని చెప్పి బయల్దేరాను. తిరిగొచ్చాక మళ్ళీ అడిగింది. ఈసారి జవాబు కాస్త పొడుగైంది, అదే ఇక్కడ రాస్తున్నాను. బస్సులు డిపోల్లో ఆగిపోయి, బడులు మూతబడి, బొగ్గు గనులు నిలిచిపోయి, తెలంగాణ అంతా రోడ్డు మీద కూర్చున్న సమ్మె రోజులవి. పుట్టింది తెనాలిలో, నోరు విప్పితే ఆ సంగతి ఎదుటివాళ్ళకు తెలిసిపోతుంది. అలాంటి నేను ముక్కూ మొహం తెలియని ఒక ఆడమనిషిని వెతుక్కుంటూ నాలుగు రోజులు తిరిగాను. నా దగ్గరున్న ఆనవాలల్లా ఒక ఫారం, దాని మీద ఆవిడ నంబరు, నలభై ఏడు.

లడ్డూలు పంచిన రోజు

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. ఏదో చెప్పను, చెబితే ఉద్యోగం ఉండదు. ఆడవాళ్ళకు వచ్చే కేన్సర్లను నానో టెక్నాలజీతో ముందే పసిగట్టడం అక్కడ మా పని. నానో అంటే ఎంత అని ఎవరైనా అడిగితే మా డైరెక్టరుగారు తలలోంచి ఒక వెంట్రుక పీకి చూపిస్తారు. దీని మందాన్ని ఎనభై వేల భాగాలు చేస్తే అందులో ఒకటి అంటారు. ఇన్నేళ్ళ ఉపన్యాసాలకు ఆయన నెత్తిమీద మిగిలినవి కొద్దే కాబట్టి ఈ మధ్య సభలో వాళ్ళవి అడుగుతున్నారు.

బంగారాన్ని అంత చిన్న రేణువులుగా చేస్తే పసుపుపచ్చగా ఉండదు, ఎర్రబడుతుంది. ఆ రేణువులను ఒక కాగితపు పట్టీకి పట్టిస్తాం. గర్భసంచి ముఖద్వారం దగ్గర దూదిపుల్లతో తీసిన నమూనాను దాని మీద వేస్తే, తేడా ఉన్నప్పుడు ఎర్ర గీత వస్తుంది. గీత వచ్చినంత మాత్రాన కేన్సరని కాదు. వెంటనే డాక్టరు చూడాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అసలు సంగతి అప్పుడు తేలుతుంది.

వానాకాలంలో మావాళ్ళు జగిత్యాలలో శిబిరం పెట్టి, బీడీలు చుట్టే ఆడవాళ్ళ నుంచి అరవై నమూనాలు తెచ్చారు. నేను శిబిరానికి వెళ్ళలేదు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేను గాజు గొట్టాలను చూశానే గాని మనుషులను చూడలేదు. యాభై తొమ్మిదింటికి గీత రాలేదు. నలభై ఏడో దానికి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది.

డైరెక్టరుగారికి చెబితే కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఒక్క గీతైనా రాకపోతే మా విద్య పనిచేస్తోందని పైవాళ్ళకు ఎలా రుజువు చేయాలా అని ఆయన బెంగపెట్టుకుని ఉన్నారట. సాయంత్రం అందరికీ లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. నేతి లడ్డూ, బాగుంది. తిన్నాక చెయ్యి కడుక్కుంటుంటే గాని, ఎవరింట్లో ఏం జరిగినందుకు ఈ లడ్డూ తిన్నానో బుర్రకు ఎక్కలేదు.

మర్నాడు అడిగాను, ఆవిడకు ఎవరు చెబుతారు సార్ అని.

"ఎవరికి?"

"నలభై ఏడుకి."

ఆయన ప్రాజెక్టు కాగితాలు ఓపిగ్గా తిరగేశారు. "చెప్పడం మన పరిధిలో లేదమ్మా. కనుక్కోవడం వరకే మనది" అన్నారు.

ఫోను చేద్దామంటే అరవై ఫారాల్లోనూ ఒకటే నంబరు. ఆ ఆడవాళ్ళను వ్యాన్లలో ఎక్కించుకొచ్చిన పెద్దమనిషిది. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆ ఫోను మూగబోయింది. ఇక మిగిలింది, పేరు రాజవ్వ, వయసు అరవై రెండు, ఊరు కోరుట్ల, వృత్తి బీడీలు, కింద ఒక బొటనవేలి ముద్ర. ఆ ఫారం సంచిలో పెట్టుకుని సెలవు పెట్టాను.

జగిత్యాల, సమ్మె టెంటు

బస్సుల్లేవు కాబట్టి జీపు మాట్లాడుకున్నాను. డ్రైవరు గంగాధర్ మస్కట్‌లో పన్నెండేళ్ళు బండి నడిపి వచ్చిన మనిషి. జీపు అద్దం మీద జై తెలంగాణ అని తాటికాయంత అక్షరాలు. కరీంనగర్ దాటగానే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"మేడం, రోడ్డు మీద ఎవలన్న ఆపితే మీరు ఎక్కువ మాట్లాడకుండ్రి. జై తెలంగాణ అనుండ్రి. గంతే."

దారి పొడుగునా మనసులో వల్లె వేశాను. మా డ్రైవరు పేరే ఉన్న గంగాధర మండలం దాటాక రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టి ఉన్నాయి. కర్రలు పట్టుకున్న నలుగురు జీపులోకి తొంగిచూశారు. నేను గట్టిగా, "జై తెలంగాణ అండీ" అన్నాను.

ఆ నలుగురూ పడీపడీ నవ్వారు. "అండీ అంటున్నదిరో" అని వెనకవాళ్ళకు కేకేసి చెప్పారు, వాళ్ళూ వచ్చి నవ్వారు. పోనిచ్చే ముందు చేతిలో రెండు కాల్చిన మక్కకంకులు పెట్టారు. మా తెనాలిలో మొక్కజొన్న పొత్తని బేరమాడి కొనుక్కునే వస్తువు ఇక్కడ ఒక్క అండీకి రెండు వచ్చింది. గంగాధర్ మాత్రం ఊరొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

శిబిరంలో నమూనాలు తీసిన నర్సు వినోద సమ్మె టెంటులో నిరాహార దీక్షలో ఉంది. సాయంత్రం అయిదు దాకా తినకుండా కూర్చోవాలి, మర్నాడు మరో జట్టు. టెంటుకు సరిగ్గా వెనకాల మిర్చిబజ్జీల బండి. గాలి అటునుంచే వీస్తోంది. పది రూపాయలకు నాలుగు, ఒక్కొక్కటి బారెడు. దీక్షలో ఉన్నవాళ్ళ ఎదుట తినలేక, ఆకలి ఆపుకోలేక, బండి చాటున నిలబడి గబగబా తిని నాలుక కాల్చుకున్నాను.

శిబిరం ఎలా జరిగిందో వినోద చెప్పింది. పొద్దున తొమ్మిదికని పిలిస్తే శిబిరం ప్రారంభించాల్సిన నాయకుడు పన్నెండుకు వచ్చి, రెండు దాకా మాట్లాడాడు. తర్వాత మా డైరెక్టరుగారు తెర మీద బొమ్మలతో నానో గురించి మొదలుపెడితే నాలుగో బొమ్మకు కరెంటు పోయింది. పట్టీలో బంగారం ఉందని ఆయన నోరు జారడంతో, ఎన్ని తులాలని వెనక వరసలోంచి ఒకామె అడిగిందట.

"ఇగ టైము లేకపాయె మేడం. అరవై మందిని రెండు గంటల్ల చూసిన. వచ్చినోళ్ళకు తలా ఒక స్టీలు డబ్బ ఇచ్చిండ్రు. బీడీ కార్డు ఉన్నోళ్ళకే పరీక్ష, కార్డుకు ఒకటే డబ్బ. డబ్బ మీద నంబరు గూడ కొట్టించిండ్రు, మల్ల ఒక్కలే రెండుసార్లు రాకుండ."

నలభై ఏడు గుర్తుందా అని అడిగాను. వినోద నన్ను జాలిగా చూసింది.

"కార్డు చూసి రాసుకున్నం మేడం. మొఖం చూసి రాసుకోలె."

అప్పుడు ఆ మాటలోని సంగతి నాకు పట్టలేదు. డబ్బా మీద నంబరు ఉందన్నది మాత్రం పట్టింది. మనిషిని కాకపోయినా డబ్బానైనా గుర్తుపడతానన్న ధీమాతో కోరుట్ల బయల్దేరాను.

కోరుట్ల, రాజవ్వ వాకిలి

దారికి రెండు వైపులా పసుపు చేలు, నడుమెత్తు పచ్చగా. మా కృష్ణా డెల్టాలో పసుపు నేను చూడనిది కాదు, అయినా మా పసుపే గొప్పదని గంగాధర్‌తో వాదం వేసుకున్నాను. మెట్‌పల్లి మార్కెట్టు పేరు చెప్పి అతను నా నోరు మూయించాడు.

రాజవ్వ ఇల్లు తేలిగ్గానే దొరికింది. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించడం, పొడి వేయడం, చుట్టడం, దారం కట్టడం, ఒక్కొక్క బీడీకి నేను ఊపిరి పీల్చి వదిలినంత సేపు. కళ్ళు మాత్రం నా మీదే. గోడ అలమరలో స్టీలు డబ్బా మెరుస్తోంది, మూత మీద నలభై ఏడు. నాకు నా మీద గౌరవం పెరిగింది.

రాజవ్వ సన్నగా, వెదురుబొంగులా నిటారుగా ఉంది. సంగతి చెప్పకముందే సర్వప్ప పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన రొట్టె. మా వైపు లేని వస్తువుల్లో నేను ఈర్ష్యపడ్డది ఇదొక్కటే. తిన్నాక మిగతావాళ్ళను పంపించమని చెప్పి, మెల్లగా అడిగాను.

"జగిత్యాలలో పరీక్షకు మీరే వెళ్ళారా అండీ?"

ఆవిడ చేతిలో కత్తెర ఆగింది. "నేనే పోయిన. కార్డు నాదే. చూస్తవా?" అని కొంగుముడి విప్పి చూపించింది.

చెప్పాను. పరీక్షలో అనుమానం వచ్చిందని, కేన్సరు కావచ్చు కాకపోవచ్చునని, అయినా మొదట్లోనే దొరికితే నయమవుతుందని, పెద్ద డాక్టరుకు చూపించాలని. ఏడుస్తుందేమోనని నీళ్ళ చెంబు దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ బీడీకి దారం కట్టి పక్కన పడేసింది.

"గట్లనా. అస్తగని, పొద్దుగాల కార్ఖానల బీడీలు ఇచ్చి అస్త. మందులు కార్డు మీదనే ఇస్తరా?"

ఆ ధైర్యానికి నేను కరిగిపోయాను. ఎంత గుండె నిబ్బరం, మనమైతేనా, అని అప్పుడే మంచినీళ్ళకు వచ్చిన గంగాధర్‌తో చెప్పాను కూడా. తర్వాత ఆసుపత్రి కాగితం తీసి వేలిముద్ర వేయమన్నాను. ఆవిడ ఇంకు అద్దుకుని నొక్కింది. గుండ్రటి నల్ల మచ్చ పడింది. మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ మచ్చే. మూడోసారి నేనే వేలు పట్టుకుని నొక్కాను.

"పడదమ్మా. నలభై ఏండ్ల సంది బీడీలు చుట్టి చుట్టి ఏలు గీతలు అరిగినయి. రేషన్ కార్డోళ్ళు గూడ తిట్టిండ్రు."

నా సంచిలో ఉన్న ఫారం గుర్తొచ్చింది. తీసి పక్కన పెట్టాను. అందులో వేలిముద్ర పుస్తకంలో బొమ్మలా ఉంది. ప్రతి గీతా కనిపిస్తోంది. మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లటి చార. ఇంకు సరిగా అంటలేదని రెండు నెలలుగా నేననుకుంటున్న చార.

గంగాధర్ నా భుజం మీదుగా వంగి చూశాడు. "మేడం, గిది ఇంకు తప్పు కాదు. దారం కోత. మా ఇంటామెది సిరిసిల్ల. మగ్గాల కండెలకు నూలు చుట్టంగ చుట్టంగ దారం తెగ కోస్తది, బొటనేలు మీద గిట్లనే గీత పడ్తది. ఈ ఏలు బీడీలు చుట్టేటోళ్ళది కాదు."

వెంట్రుకలో ఎనభై వేలో వంతును పట్టుకునే సరంజామా నా దగ్గరుంది. జీపు డ్రైవరు ఉత్త కళ్ళతో చూసి మనిషి ఏ ఊళ్ళో ఏ పని చేస్తుందో చెప్పేశాడు. సిగ్గుపడే తీరిక లేకపోయింది, ఎందుకంటే రాజవ్వ మొహం అప్పటికే పాలిపోయింది.

"సిరిసిల్లలో మీకెవరున్నారండీ?"

చాట ఒళ్ళోంచి జారిపోయింది. వాకిలంతా ఆకు, తంబాకు.

"నా బిడ్డ" అంది. "సుగుణ. వానల్ల ఇంటికచ్చింది. నేను పోకపోతే కార్డు మీద డబ్బ పోతదని, నా పేరు మీద పోయి తెమ్మన్న. ఇంకొకలు పోయిండ్రని ఎరుకైతే కార్డు తీసేస్తరని భయమైంది, అందుకే నేనే పోయినన్న."

తనకు కేన్సరంటే చలించని మనిషి నా రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, కార్డు నాది గదా. రోగం గూడ నాకే రాయిండ్రి. నేను అరవై ఏండ్లు బతికిన. నాకే రాయిండ్రి."

నాకు ఏడుపొచ్చింది. నీళ్ళ చెంబు నేనే తాగాను.

కోనరావుపేట దారి

సుగుణకు ఫోను చేస్తే పలకలేదు. బొగ్గు లేక కరెంటు లేదు, కరెంటు లేక ఫోన్లలో చార్జింగు లేదు. రాజవ్వ చెప్పులేసుకుని, స్టీలు డబ్బా పట్టుకుని జీపెక్కింది. డబ్బా ఎందుకంటే, "తిరిగి ఇస్త. ఈ డబ్బ తేకపోతే ఈ రోగం రాకపోవు" అంది. డబ్బాకూ రోగానికీ సంబంధం లేదని నానో, జీవకణం అంటూ చాలాసేపు వివరించాను. అంతా విని డబ్బాను మరింత గట్టిగా పట్టుకుంది.

కోనరావుపేట దగ్గర డైరెక్టరుగారి ఫోను. నేనెక్కడున్నానో తెలిసి బాధపడ్డారు. నలభై ఏడు అసలు బీడీ కార్మికురాలే కాదు, అరవై రెండేళ్ళావిడా కాదని చెప్పాను.

"అయ్యో, వివరాలన్నీ పైకి పంపేశాం కదమ్మా. ఇప్పుడు మార్చడానికి లేదు" అన్నారు. అంతలోనే ఆశగా, "గీత మాత్రం నిజమే కదా?" అన్నారు.

నిజమే సార్ అని పెట్టేశాను. దారిలో మూడుచోట్ల ఆపారు. మూడుచోట్లా నేను మాట్లాడలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రాజవ్వను చూసి వాళ్ళే దారిచ్చారు.

సిరిసిల్ల, రోడ్డు మీద వంట

సిరిసిల్లలో ఎప్పుడూ సాంచాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడదని గంగాధర్ చెప్పాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ రోజు వీధులన్నీ నిశ్శబ్దం. ఊరు మొత్తం పెద్ద రోడ్డు మీదుంది. నడిరోడ్డున రాళ్ళ పొయ్యిలు, గంగాళాలు, పొగ. ఉద్యమం పేరుతో రోడ్డెక్కి వండుకు తినడాన్ని వంటావార్పు అంటారు. మా వైపు ఆందోళన అంటే పళ్ళేలు విసిరేయడమే చూశాను, పక్కవాడి పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించడం ఇక్కడే చూశాను. నాకూ ఆకులో అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టారు. ఉల్లిపాయ ముక్కలతో, కాచకుండా, నోరూరించే పులుపు. ఈసారి అండీ అన్నా ఎవరూ నవ్వలేదు. అన్నం వడ్డించే చోట యాస ఎవరికీ పట్టదు కాబోలు.

మూడో గంగాళం దగ్గర రాజవ్వ ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడమనిషి చెమటలు కారుతూ అన్నం వారుస్తోంది. తల్లిని చూసి నవ్వింది. తల్లి చేతిలో డబ్బా చూసి, నన్ను చూసి, నవ్వు మానేసింది. గరిటె పక్కామెకు ఇచ్చి, మమ్మల్ని మూసిన దుకాణం అరుగు మీదికి తీసుకెళ్ళింది.

డబ్బా గురించి వచ్చామనుకుంటుందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నసిగాను. ఆమే అడిగింది.

"నలభై ఏడు గురించేనా మేడం?"

సంచిలోంచి ఫారం తీసి చూపించాను.

"నంబరు యాదికున్నది. డబ్బ కోసం పోలె నేను. నాలుగు నెలల సంది నెల నెల వచ్చేది కాకుండ నడుమ నడుమ ఎర్ర కనపడుతున్నది. ఎవలకు చెప్పలె. పరీక్ష చేస్తరంటే పోయిన. బీడీ కార్డు లేనోళ్ళను చూడం అన్నరు, అమ్మ కార్డు ఉండె. అమ్మ సంతకం పెట్టదు గదా, నేను గూడ ఏలే పెట్టిన." కొంగుతో చెమట తుడుచుకుంది. "రెండు నెలలు చూసిన మేడం. ఎవలు రాకపోతే ఏం లేదనుకున్న. మంచిగనే ఉన్ననని అనుకున్న."

ఆ రెండు నెలల్లో ఒక సాయంత్రం మేం లడ్డూలు తిన్నాం. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాలేదు, ఇక్కడ రాస్తున్నాను.

రాజవ్వ డబ్బాతో కూతురి వీపు మీద ఒకటి కొట్టింది. "నాకు చెప్పవా, నాకు చెప్పవా" అంటూ, తర్వాత దగ్గరికి లాక్కుని ఏడ్చింది. సుగుణ ఏడవలేదు. ఇప్పుడేం చేయాలె మేడం అని అడిగింది. డాక్టరు చూడాలన్నాను. మొగుడికి చెప్పి అస్త అని లేచింది. సాంచా నడిపే ఆయన జెండా పట్టుకుని ఊరేగింపులో ఉన్నాడు. ఆ జెండా ఎవరికో అందించి అలాగే వచ్చి జీపెక్కాడు.

తిరుగు దారి

సిద్దిపేట మీదుగా హైదరాబాదు వచ్చాం. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. గీత అబద్ధం చెప్పలేదు. కేన్సరే, కానీ ఇంకా ముఖద్వారం దాటలేదు. మరో ఏడాది ఆగితే కథ వేరే ఉండేదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేశారు. ఆ కాగితపు పట్టీని నేను చాలాసార్లు వెక్కిరించాను గాని, ఆ రోజు మా బల్ల మీద దానికి మనసులో దండం పెట్టుకున్నాను.

మా కాగితాల్లో మాత్రం నలభై ఏడు అంటే ఇప్పటికీ కోరుట్ల రాజవ్వే, అరవై రెండేళ్ళ బీడీ కార్మికురాలు. శాస్త్రం ప్రకారం జబ్బు ఆవిడకే వచ్చింది. ఆవిడ కోరినట్టే రాసి ఉంది మరి. కార్డు పోలేదు, కార్ఖానాలో ఎవరూ అడగనూ లేదు.

ఇంటికి పంపే రోజున సుగుణ ఒక స్టీలు సామాన్ల దుకాణం దగ్గర ఆగాలంది. రాజవ్వ తెచ్చిన నంబరు డబ్బాను ఆసుపత్రి కిటికీలోనే వదిలేసి వచ్చింది. అదే సైజు కొత్త డబ్బా ఎంచుకుని, తన దగ్గరున్న డబ్బులే తీసి ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు. దుకాణం ఆయన పేరు చెక్కే పనిముట్టు తీసుకుని, అలవాటుగా అడిగాడు.

"పేరేంది? ఎవలిచ్చిండ్రని కొట్టాలె?"

"సుగుణ" అంది. "ఎవలియ్యలె. నాదే."

మూత మీద మూడక్షరాలు చెక్కి ఇచ్చాడు. రాజవ్వకు చదువు రాదు. డబ్బా తీసుకుని, గీతలరిగిపోయిన బొటనవేలితో ఆ అక్షరాలను అటు నుంచి ఇటు మెల్లగా తడిమి చూసింది.

"లోతుగనే కొట్టిండు బిడ్డా" అంది. "గిది అరగది."